కొత్త సర్వర్ బూట్ కాకపోతే తప్పు ర్యామ్‌దేనా?

కొత్తగా అసెంబుల్ చేసిన సర్వర్ బూట్ కాకపోతే మొదట వినిపించే మాట ‘ర్యామ్ పోయింది’. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, బోర్డు మీద లైట్లు వెలుగుతుంటాయి, మానిటర్‌లో మాత్రం ఏమీ రాదు. బోర్డు అంచున ఉండే రెండంకెల చిన్న డిస్‌ప్లే ఏదో ఒక నంబరు దగ్గర ఆగిపోతుంది. ఆ నంబరు పట్టుకుని నెట్‌లో వెతికితే ‘మెమరీ’ అన్న మాట కనిపిస్తుంది. ఇక ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. స్టిక్కులన్నీ ఊడదీయడం, వాటి బంగారు పూత మీద పెన్సిల్ రబ్బరుతో రుద్దడం, మళ్ళీ గుచ్చడం, అప్పటికీ కాకపోతే షాపుకు పట్టుకెళ్ళి మార్చి ఇమ్మనడం: ఈ వరస ఎంత అలవాటైపోయిందంటే, దీనికే ట్రబుల్‌షూటింగ్ అని పేరు పెట్టుకున్నాం. ఏళ్ళ తరబడి నడిచిన పాత డెస్క్‌టాప్‌కు ఈ వరస కొంత పనికొస్తే రావచ్చు. కొత్త సర్వర్‌కు ఇది పనికిరాకపోవడమే కాదు, అసలు కారణాన్ని మరింత లోతుకు పాతిపెడుతుంది. కొత్త సర్వర్ మెమరీ దగ్గర ఆగిపోయినప్పుడు ర్యామ్ స్టిక్కును మొదట కాదు, చివర అనుమానించాలి. ఇది అభిప్రాయభేదంగా తోసిపుచ్చే విషయం కాదు. సర్వర్ నిర్మాణం తెలిస్తే మరో మాటకు తావుండదు.

ఆ రెండంకెల నంబరు నిజానికి ఏం చెబుతోందో చూద్దాం. చాలా సర్వర్ బోర్డుల్లో ఉండే బయాస్ ఏఎంఐ కంపెనీవారి ఆప్టియో. అందులో 50 అంటే మెమరీ రకమో వేగమో సరిపడలేదని. 51 అంటే స్టిక్కు వివరాలు ఉండే ఎస్‌పీడీ చిప్‌ను చదవడం కుదరలేదని. 53 అంటే వాడుకోదగ్గ మెమరీ దొరకలేదని. 55 అంటే మెమరీ పెట్టనేలేదని. వీటిలో ఒక్కటి కూడా ‘స్టిక్కు చెడిపోయింది’ అనడం లేదు. ఎనిమిది స్టిక్కులు కళ్ళెదుట గుచ్చి ఉండగా బోర్డు 55 చూపిస్తోందంటే, అవి ప్రాసెసర్‌కు కనిపించడం లేదని మాత్రమే అర్థం. ఉత్తరం అందలేదంటే రాసినవాడే లేడని తేల్చేస్తామా? మధ్యలో చిరునామా ఉంది, పోస్టాఫీసు ఉంది, దారి ఉంది. పైగా ఎనిమిదీ ఒకేసారి, అదీ కొన్న రోజునే చచ్చిపోయాయని నమ్మాలంటే లెక్క ఎక్కడా కుదరదు. ఎనిమిదింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో తప్పిందని అనుకోవడమే సబబు. ఒక్క స్టిక్కు పాడైనా మిగతావాటిని మూగబోయేలా చేయగలదన్నది నిజమే. ఎస్‌పీడీ చిప్‌లను చదివే రెండు తీగల దారిని చాలా స్లాట్లు పంచుకుంటాయి కాబట్టి, ఒకటి ఆ దారిని పట్టుకుని కూర్చుంటే తక్కినవి కూడా కనిపించకపోవచ్చు. అయితే ఆ సంగతి ఒక్కో స్టిక్కునే పెట్టి చూస్తే తేలిపోతుంది. ఎనిమిదింటినీ రుద్ది ఎనిమిదింటినీ మళ్ళీ గుచ్చితే ఎప్పటికీ తేలదు.

ర్యామ్‌నే నిందించే అలవాటుకు మూలం పాత కాలపు బోర్డుల్లో ఉంది. అప్పట్లో మెమరీని నడిపే కంట్రోలర్ బోర్డు మీద వేరే చిప్‌లో ఉండేది. స్టిక్కుకూ ఆ చిప్‌కూ మధ్య బోర్డుకు అతికిన రాగి గీతలు తప్ప మనం చేత్తో బిగించేది ఏమీ లేదు. అందుకే కదిలేది, ఊడేది, దుమ్ము పట్టేది ర్యామ్ ఒక్కటే. 2003లో ఏఎండీ ఆప్టెరాన్‌తో ఈ ఏర్పాటు మారింది. 2008లో నెహలెం‌తో ఇంటెల్ కూడా అదే బాట పట్టింది. కంట్రోలర్ ప్రాసెసర్ లోపలికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి స్టిక్కులోని ప్రతి బిట్టూ ప్రాసెసర్ సాకెట్ గుండా వెళ్ళాల్సిందే. అంటే అసెంబుల్ చేసేవాడు తన చేత్తో బిగించే సాకెట్ ఇప్పుడు మెమరీ దారిలోనే ఉంది. యంత్రం మారి ఇన్నేళ్ళయినా మన అనుమానం మాత్రం పాత చోటునే పట్టుకుని వేలాడుతోంది.

ఆ సాకెట్‌ను కొంచెం దగ్గరగా చూడాలి. ఏఎండీ ఎపిక్ మొదటి మూడు తరాలు వాడిన ఎస్‌పీ3 సాకెట్‌లో 4,094 పిన్నులు ఉంటాయి. వెంట్రుకలా వంగే ఈ పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకే ఉంటాయి. ప్రాసెసర్ వాటి మీద కూర్చుంటుంది. ఈ మూడు తరాల ఎపిక్‌కు ఎనిమిది మెమరీ చానళ్ళు. ఒక్కో చానల్‌కు తప్పులు సరిదిద్దే ఈసీసీతో కలిపి 72 డేటా గీతలు. అంటే డేటా కోసమే 576 పిన్నులు సరిగ్గా ఆనాలి. గడియారపు సంకేతాలు, చిరునామా గీతలు దీనికి అదనం. ప్రాసెసర్‌ను నొక్కి పట్టే ఫ్రేముకు మూడు స్క్రూలు ఉంటాయి. వాటి పక్కనే 1, 2, 3 అని అంకెలు చెక్కి ఉంటాయి. ఆ వరసలోనే, సుమారు 1.5 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించాలి. ఇదే కుటుంబానికి చెందిన థ్రెడ్‌రిపర్ ప్రాసెసర్ పెట్టెలో కంపెనీ టార్క్ స్క్రూడ్రైవర్ కూడా పెట్టి అమ్మింది. బిగువు సరిపోగానే అది క్లిక్‌మని ఆగిపోతుంది. చేతి అంచనాతో కుదరని పని కాబట్టే ఆ పనిముట్టు పెట్టెలోకి ఎక్కింది. ఒక మూల బిగువు తగ్గితే ఆ వైపు చానళ్ళు మాయమవుతాయి. 32 జీబీ స్టిక్కులు ఎనిమిది పెడితే 256 జీబీ కనిపించాల్సిన చోట 192 కనిపిస్తుంది, లేదా అసలు బూటే కాదు. వంగిన పిన్ను, సాకెట్‌లోకి జారిన థర్మల్ పేస్టు, కూలర్‌ను ఒక పక్కకు లాగి బిగించడం, ఇవన్నీ ఇదే లక్షణాన్ని చూపిస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ రబ్బరుతో రుద్దితే పోయేది కాదు. అలాంటి బోర్డులో కొత్త స్టిక్కు గుచ్చినా అదే 55. అప్పుడు ‘రెండో స్టిక్కు కూడా డెడ్’ అని షాపువాడి మీద విరుచుకుపడేవారు ఉన్నారు. రెండు స్టిక్కులు వరసగా డెడ్ అని తేలినప్పుడే మనిషి ఆగి ఆలోచించాలి.

స్టిక్కు కంటే దారినే ముందు అనుమానించాలన్నది సాకెట్లు చూసి ఊహించిన మాట కాదు. 2015లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి ఫేస్‌బుక్ సర్వర్లలోని మెమరీ తప్పులను పరిశీలించారు. ఆ తప్పుల్లో ఎక్కువ భాగం మెమరీ చిప్‌లలో పుట్టినవి కావని, కంట్రోలర్‌లోనూ చానల్‌లోనూ పుట్టినవని తేల్చారు. నడుస్తున్న సర్వర్లలోనే, అంటే ఎప్పుడో బిగించి నెలల తరబడి పనిచేసినవాటిలోనే దారిది ఇంత వాటా అయితే, నిన్న సాయంత్రం చేత్తో బిగించిన సర్వర్‌లో ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 1999 సెప్టెంబరులో ఇంటెల్ తన 820 చిప్‌సెట్ విడుదలను ఆఖరి రోజుల్లో ఆపేసింది. ర్యాంబస్ అనే రకం మెమరీకి మూడు స్లాట్లున్న బోర్డుల్లో డేటా తప్పులు వస్తున్నాయి. స్టిక్కులు బాగానే ఉన్నాయి, మూడో స్లాటే తంటా. రెండు స్లాట్లకు కుదించి నవంబరులో విడుదల చేశారు. మరుసటి ఏడాది అదే చిప్‌సెట్‌తో మామూలు ఎస్‌డీర్యామ్ వాడుకోవడానికి మధ్యలో పెట్టిన అనువాదక చిప్ వల్ల యంత్రాలు స్తంభించిపోవడం, వాటంతటవే రీస్టార్ట్ కావడం మొదలైంది. 2000 మేలో ఇంటెల్ ఆ బోర్డులను వెనక్కి తీసుకుంది. ఆ ర్యాంబస్ బోర్డుల్లోనే ఖాళీ స్లాట్‌ను ఖాళీగా వదిలితే యంత్రం లేచేది కాదు. సంకేతం అవతలి చివరి దాకా వెళ్ళడానికి అందులో చిప్‌లు లేని ఒక ఉత్త పలకను గుచ్చాలి. మెమరీ లేని స్లాటు కూడా మెమరీ వైఫల్యం తేగలదని పరిశ్రమ పాతికేళ్ళ కిందటే చూసింది.

దీనికి ఎదురుగా నిలబడే బలమైన సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. 2009లో టొరంటో విశ్వవిద్యాలయపు బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజినీర్లు ఇద్దరితో కలిసి గూగుల్ సర్వర్ల మెమరీ మీద అధ్యయనం వెలువరించారు. మెమరీ తప్పులు అంతవరకు అనుకున్నదానికంటే చాలా ఎక్కువని, ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్కుల్లో కనీసం ఒక సరిదిద్దగల తప్పు వస్తుందని అందులో తేలింది. ‘చూశారా, ర్యామ్‌లు చెడిపోతాయని గూగులే చెప్పింది’ అనడానికి దీన్ని వాడుతుంటారు. పూర్తిగా చదివితే అది వేరే కథ చెబుతుంది. సరిదిద్దగల తప్పు ఉన్న స్టిక్కుతో సర్వర్ బూట్ అవుతుంది, ఈసీసీ ఉన్నదే అందుకు. సరిదిద్దలేని తప్పు ఏడాది మొత్తం మీద చూసిన స్టిక్కులు 0.22 శాతమే. ఎనిమిది స్టిక్కుల సర్వర్‌కు లెక్కేస్తే ఏడాదికి నూటికి రెండు కూడా పూర్తిగా రావు. ఆ ఏడాది ప్రమాదమంతా మొదటి రోజునే వచ్చి పడుతుందని ఒప్పేసుకున్నా, నూరు కొత్త సర్వర్లలో రెండింటిని కూడా అది ఆపలేదు. పైగా సరిదిద్దగల తప్పులు పది నుంచి పద్ధెనిమిది నెలల వాడకం తర్వాత పెరుగుతాయని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. వయసు మీద పడ్డ ర్యామ్ గురించిన సాక్ష్యాన్ని తెచ్చి నిన్న కొన్న ర్యామ్ మీద మోపడం తగదు.

స్టిక్కు మంచిదే గానీ ఆ బోర్డుకు పనికిరానిది కావడం మరో పెద్ద కారణం. నా దృష్టిలో మన దగ్గర ఎక్కువ డబ్బు మట్టిపాలయ్యేది ఇక్కడే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ‘సర్వర్ ర్యామ్ కావాలి’ అని అడిగితే ఆ మాట కింద కనీసం మూడు రకాల సరుకు ఉంది. ఆర్‌డిమ్, ఎల్‌ఆర్‌డిమ్, ఈసీసీ యూడిమ్. డీడీఆర్4లో మూడింటికీ 288 పిన్నులే, గాడీ ఒకే చోట. ఏది ఏ స్లాట్‌లోనైనా టక్కుమని కూర్చుంటుంది, బోర్డుకు పడని రకమైతే బూట్ మాత్రం కాదు. జియాన్ ఈ-2300 బోర్డులు యూడిమ్‌నే తీసుకుంటాయి, ఎస్‌పీ3 ఎపిక్ బోర్డులు దాన్ని అసలు ముట్టవు. ఆర్‌డిమ్‌నూ ఎల్‌ఆర్‌డిమ్‌నూ ఒకే బోర్డులో కలిపితే రెండూ పనిచేయవు. తేడా తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు, స్టిక్కు మీది తెల్ల కాగితం చదివితే చాలు. ‘2ఆర్ఎక్స్4 పీసీ4-2400టీ-ఆర్’ అని ఉందనుకోండి. చివరి ఆర్ అంటే రిజిస్టర్డ్, అంటే ఆర్‌డిమ్. అక్కడ ఈ ఉంటే ఈసీసీ యూడిమ్, ఎల్ ఉంటే ఎల్‌ఆర్‌డిమ్. మొదట్లోని 2ఆర్ అంటే రెండు ర్యాంకులు, అంటే కంట్రోలర్ విడివిడిగా పలకరించే చిప్‌ల గుంపులు రెండు. ఒక చానల్ ఎన్ని ర్యాంకులు మోయగలదో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. డీడీఆర్5 వచ్చేసరికి ఆర్‌డిమ్‌కు 12 వోల్టులు, యూడిమ్‌కు 5 వోల్టులు అందించాలి. అందుకే గాడి చోటు మార్చి ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగకుండా చేశారు. తయారీదారులు గాడి మార్చాల్సి వచ్చిందంటే ఈ పొరపాటు ఎంత మామూలో ఊహించవచ్చు. ఇలాంటి చోట ఎన్ని స్టిక్కులు మార్చినా అదే రకం స్టిక్కు వస్తుంది, అదే నంబరు వెలుగుతుంది.

ఓపిక లేకపోవడం కూడా వైఫల్యంలా కనిపిస్తుంది. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు కంట్రోలర్ ప్రతి డేటా గీత మీదా సంకేతం ఎంత ఆలస్యంగా వస్తోందో కొలిచి సర్దుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5 వేగాల్లో ఇది బాగా సాగుతుంది. పన్నెండు చానళ్ళ ఎపిక్ 9004లో నిండా మెమరీ పెడితే కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉంటుంది. పాత యంత్రాలకు అలవాటుపడ్డ చెయ్యి రెండో నిమిషంలోనే పవర్ నొక్కేస్తుంది. ట్రైనింగ్ మొదటికొస్తుంది. మళ్ళీ నల్ల తెర, మళ్ళీ పవర్. ఇలా మూడుసార్లు చేసి ‘ర్యామ్ పోయింది’ అనడం ఆ స్టిక్కుకు చేసే అన్యాయం.

‘మరి ర్యామ్ తీసి రుద్ది పెడితే బూట్ అయింది కదా’ అనేవారికి జవాబు చెప్పాలి. అయి ఉంటుంది, కాదనను. కానీ ఆ ఒక్క పనిలో ఎన్ని మారాయో చూడండి. కరెంటు పూర్తిగా తీసేశారు. వంకరగా దిగిన స్టిక్కు ఈసారి తిన్నగా దిగింది. పాత ట్రైనింగ్ లెక్కలు పోయి కొత్తవి వచ్చాయి. తీసిన స్టిక్కులు అదే స్లాటుల్లోకి వెళ్ళాయో లేదో ఎవరూ రాసుకోలేదు. ఇన్ని మారితే ఫలితాన్ని రబ్బరుకు కట్టబెట్టడానికి ఆధారమేది? బంగారానికి తుప్పు పట్టదు. స్టిక్కు అంచున ఉన్న పూత ఒక మైక్రాన్ కూడా ఉండదు. గరుకు రబ్బరు ఆ పూతనే అరగదీస్తుంది, పైగా దాని పొడి స్లాట్‌లోకి రాలుతుంది. తుడవాల్సి వస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డ చాలు. అసలు మంచి చేసింది తీసి తిన్నగా పెట్టడమే అయితే, ఆ పని రబ్బరు లేకుండా చేయండి, స్లాటు నంబరు రాసుకుని ఒక్కో స్టిక్కుకే చేయండి. అప్పుడు మాత్రమే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

ఇంకో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచి వస్తుంది. పెద్ద డేటా సెంటర్లలో ఇంత విచారణ చేయరు, లాగ్‌లో తప్పు కనిపిస్తే స్టిక్కు మార్చి ముందుకు పోతారు, మనకెందుకు ఈ చాదస్తం అని. వాళ్ళు చేసేది వాళ్ళ పరిస్థితికి సరైనదే. ఆ సర్వర్ నిన్నటి దాకా అదే ప్రాసెసర్‌తో, అదే బయాస్‌తో, అదే స్లాటుల్లో నడిచింది. నిన్న సరిగ్గా ఉన్న దారి ఇవాళ కూడా సరిగ్గానే ఉంటుందని అనుకోవడానికి వాళ్ళకు హక్కుంది. కొత్తగా కూర్చిన సర్వర్‌లో ఏ భాగమూ ఇంకో భాగంతో కలిసి ఒక్క క్షణం కూడా పనిచేసి చూపలేదు. జియాన్ ఈ5 మూడో వెర్షన్ కాలపు బోర్డులో నాలుగో వెర్షన్ ప్రాసెసర్ పెడితే, బయాస్ కొత్తది ఎక్కించకుండా అది లేవదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎపిక్ ప్రాసెసర్ ఇంతకుముందున్న కంపెనీ సర్వర్‌కు శాశ్వతంగా తాళం పడి ఉంటే, వేరే కంపెనీ బోర్డులో ఎన్నటికీ లేవదు. రెండు చోట్లా కనిపించేది నల్ల తెరే. వాటికి ర్యామ్ మార్చడం ఎలా మందవుతుంది?

మరి చేయాల్సిందేమిటి? సర్వర్ బోర్డుకు డెస్క్‌టాప్ బోర్డుకు లేని వరం ఒకటుంది, బీఎంసీ. ప్రాసెసర్ లేవకపోయినా, పవర్ కేబుల్ గుచ్చితే చాలు, ఆ చిన్న కంప్యూటర్ తన పాటికి తాను పనిచేస్తుంది. నెట్‌వర్క్ కేబుల్ తగిలించి బ్రౌజర్‌లో తెరిస్తే ఈవెంట్ లాగ్ ఉంటుంది. అందులో ఏ స్లాటు దగ్గర ఇబ్బందో చాలాసార్లు పేరుతో సహా ఉంటుంది. అది స్లాటు పేరని గుర్తుంచుకోండి, స్టిక్కు పేరు కాదు. ‘సీ1’ అని ఉంటే ఆ స్టిక్కును పనిచేస్తున్న వేరే స్లాటుకు మార్చి, పనిచేస్తున్న మరో స్టిక్కును సీ1లో పెట్టి చూడాలి. తప్పు స్టిక్కు వెంట వెళ్తే స్టిక్కుది. సీ1లోనే ఉండిపోతే సాకెట్‌ది, బోర్డుది, ప్రాసెసర్‌ది. ఈ పరీక్షలో మొదటి సగం చేసి రెండో సగం వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఒక్క స్టిక్కుతో మొదలుపెట్టేటప్పుడు అది ఏ స్లాటులో ఉండాలో మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది. బోర్డు బోర్డుకూ అది మారుతుంది కాబట్టి అలవాటు మీద గుచ్చకూడదు. మెమ్‌టెస్ట్ నడపమని సలహా ఇచ్చేవారికి ఒక మాట: అది నడవాలంటే ముందు యంత్రం బూట్ కావాలి.

ర్యామ్ స్టిక్కు నిజంగానే చెడిపోయి రావచ్చు. పాత సర్వర్ల నుంచి ఊడదీసి అమ్మే స్టిక్కుల్లో ఆ అవకాశం కొత్తవాటి కంటే ఎక్కువే. అటూ ఇటూ మార్చి చూశాక, తప్పు దాని వెంటే తిరుగుతోందని తేలాక దాన్ని వెనక్కి పంపడంలో తప్పేమీ లేదు. నేను కాదంటున్నది ఆ పరీక్ష లేకుండా పంపడాన్ని. మంచి స్టిక్కు అలా వెనక్కి వెళ్ళినప్పుడు కొన్నవాడి వారం పోతుంది, షాపువాడి మాట పోతుంది. వంగిన పిన్నుతో ఉన్న సాకెట్ మాత్రం అలాగే ఉంటుంది. మళ్ళీ మళ్ళీ తీసి బిగించడంలో ఇంకో నాలుగు పిన్నులు వంగుతాయి. ఇక ఆ బోర్డు వారంటీకి కూడా నోచుకోదు.

అందుకే షాపులవారికి ఒక విన్నపం. బిల్లు మీద ‘సర్వర్ ర్యామ్ 32 జీబీ’ అని రాసి వదిలేయకండి. స్టిక్కు మీది లేబుల్‌ను అక్షరం పోకుండా రాయండి, ఏ బోర్డుకని అడిగి ఆ పేరూ రాయండి. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సులు నడిపేవారు టార్క్ స్క్రూడ్రైవర్ ఒకటి కొని పిల్లల చేతికివ్వండి, బీఎంసీ లాగ్ చదవడం నేర్పండి. సర్వర్ ముందు కూర్చున్న మీరు స్టిక్కు వెనక్కి పంపే ముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టండి: ఆగిపోయిన నంబరు, లాగ్‌లోని స్లాటు, స్టిక్కు మార్చాక తప్పు ఎటు వెళ్ళింది అన్నది. ఆ మూడూ లేకపోతే స్టిక్కును పంపకండి.